బిల్లు బుక్కు మీది ఇనుప ముక్క

మిర్యాలగూడల మా నాయిన లేత్ షాపుకు ఎవరన్న పోతే బిల్లు బుక్కు మీద ఒక ఇనుప ముక్క కనబడుతది. ఫ్యాను గాలికి కాయితాలు లేవకుండ బరువుకు పెట్టిండు. అరచేతిల పట్టేంత ఉంటది. ఒక రంధ్రం ఉంటది. మూడు దిక్కుల నున్నగ మిషన్ మీద కోసినట్టుంటది గని, నాలుగో దిక్కు విరిగినట్టుంటది. మిల్లులోల్లు తిప్పి చూసి, ఏమర్థం కాక మల్ల అక్కడనే పెడతరు. అది నాది. హైదరాబాదుల నేను పనిచేసే టెస్టింగ్ ల్యాబుల విరగ్గొట్టిన స్పెసిమెన్‌ల ఒక సగం. స్క్రాపుకు పోయేదాన్ని పోయిన సంక్రాంతికి అడిగి తెచ్చిన.

ఎందుకు తెచ్చిన్నంటే, పదకొండేండ్ల సంది నాయిన ఒక్కటే అడుగుతుండు: "ఇంతకు నువ్వు చేసే పనేందిరా?" ఇనుము ఎంత గట్టిదో చూస్తం అంటే, "అది ఫైలు పెట్టి గీకితే నాకు కూడ తెలుస్తది" అంటడు. గట్టిదనం వేరు, పగులుకు ఎదురు నిలబడుడు వేరు అని ఫోన్ల చెప్పబోయి ఎన్నిసార్లు వదిలేసిన్నో లెక్కలేదు. ముక్క చేతిల పెడితే చెప్పుడు అల్కగ అయితదనుకున్న.

ఆయన అద్దాలు కూడ పెట్టుకోలే. విరిగిన ముఖం మీద బొటనవేలి గోరుతో ఒక కొస నుంచి మెల్లగ గీసుకుంట పోయిండు. "ఇక్కడిదాక వైర్ కట్టు, కరెంటు తీగతో కోసిన గాడి. ఇక్కడ నున్నగున్నది, ఇది తిరిగే షాఫ్టు విరిగినట్టు కొంచెం కొంచెం పోయింది. ఇక్కడ గరుకయింది, ఇది గుంజి చింపిన తీరున్నది. చివర్ది పటికబెల్లం లెక్క మెరుస్తున్నది, ఇది ఒక్క దెబ్బకు పోయింది." గోరు మల్ల ఎనకకు తెచ్చి, "అన్నీ బాగనే ఉన్నయి గని, ఇంతవరకు నీలం ఎందుకయింది? కొలిమిల పెట్టిన్రా?"

నేను చెప్పాలనుకున్నదంత ఆయనే చెప్పేసిండు. నాకు మిగిలింది ఆ నీలం ఒక్కటే.

కొలిమి కాదు, ఓవెన్. పరీక్ష అయిపోయేటాలకు పగులు లోపల ఒక మిల్లీమీటరో రెండో సాగి ఉంటది. బయటి నుంచి చూస్తే అది తెల్వదు. పక్కల తక్కువ సాగి, నడుమ ఎక్కువ సాగుతది. అందుకని ముక్కను రెండు చేసే ముందు 300 డిగ్రీల దగ్గర ఓ అరగంట కాలుస్తం. పగులు తెరిచిన జాగల గాలి తగిలి నీలంగ మారుతది. తర్వాత ద్రవ నైట్రోజన్ల ముంచుతం, మైనస్ 196 డిగ్రీలు. రోజూ సాగే ఉక్కు అక్కడ గాజయితది. ఒక్క దెబ్బ కొడితే రెండు ముక్కలు. కొత్తగ విరిగిన భాగం తెల్లగ మెరుస్తది. నీలం ఎక్కడ ఆగిందో పరీక్షల పగులు అక్కడిదాక పోయిందన్నట్టు. ఇగ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, 25 మిల్లీమీటర్ల మందాన్ని తొమ్మిది చోట్ల కొలుస్తం. అంచుల రెండింటి సగటు ఒకటిగ, లోపలి ఏడు ఏడుగ, మొత్తం ఎనిమిదితో భాగించాలె. నాకు అద్దాలొచ్చింది ఈ తొమ్మిది పాయింట్ల తోనే అని మా ఇంట్ల నమ్మకం. అల్యూమినియం అయితే ఇంక తిప్పలు. అది రంగు పట్టది. దాన్ని పరీక్ష తర్వాత మల్ల కాసేపు చిన్న లోడుతో ఆడించి, ఆ నున్నటి గీతనే హద్దనుకోవాలె.

నున్నటి మొదటి పట్టీని మేం ప్రీక్రాక్ అంటం. వైర్ కట్టు గాడి ఎంత సన్నగున్నా దాని కొస మొద్దుగనే ఉంటది. నిజమైన పగులు కొస అంతకన్న వాడి. కాబట్టి ముందు చిన్న లోడుతో లక్షల సార్లు గుంజి వదిలి, గాడి కొసన అసలు పగులును పెంచుతం. సాయంత్రం పెట్టిపోతే మిషన్ రాత్రంత కొట్టుకుంటది. తొందరపడి లోడు పెంచితే పగులు కొసనే లోహం సాగి, తర్వాత వచ్చే అంకె ఉన్నదానికన్న ఎక్కువగ కనబడుతది. కొత్తగ చేరినోల్లు అందరు చేసే తప్పు ఇదే. నేను కూడ చేసిన.

మా ల్యాబుకు వచ్చే మెయిళ్ళల్ల సగం ఒక్క తీరుగ ఉంటయి. "ప్లేటు పంపుతున్నం, కే వన్ సీ చెప్పండి." ఈ కే అనేది 1957ల అమెరికా నేవీ పరిశోధనశాలల జార్జ్ ఇర్విన్ కుదిర్చిన కొలత. పగులు కొస చుట్టు ఒత్తిడి ఎంత పోగయిందో ఒక్క అంకెల చెప్తది. అది ఎంతకు చేరితే పగులు పరుగు తీస్తదో, ఆ అంకె కే వన్ సీ. గాజసొంటి వాటికి, గట్టిపడ్డ టూల్ స్టీలుకు, విమానాల్ల వాడే బలమైన అల్యూమినియానికి అది సక్కగ వస్తది. సాగే ఉక్కుకు రాదు. ఎందుకు రాదో చెప్తనంటే ఫోన్ల అవతలాయన ఇనడు, "మీకు చేతకాదా?" అంటడు.

పరీక్ష చెల్లాలంటే ముక్క ఇంత మందం ఉండాలె అని నియమమున్నది. కే ను ఈల్డ్ బలంతో, అంటే లోహం మల్ల ఎనకకు రాకుండ సాగుడు మొదలయ్యే ఒత్తిడితో, భాగించి, వర్గం చేసి, రెండున్నరతో గుణించాలె. ఈల్డ్ 350 మెగాపాస్కల్, కే 200 మెగాపాస్కల్ రూట్ మీటర్ అనుకోండి, మంచి స్ట్రక్చరల్ ప్లేటుకు అదేమంత ఎక్కువ కాదు. లెక్క కడితే 816 మిల్లీమీటర్లు. ఊర్ల మా తాత కట్టిన మట్టిగోడ రెండు ఫీట్లు, దానికన్న మందం. వాల్లు పంపే ప్లేటే ముప్పై మిల్లీమీటర్లుంటది. గోడంత ఇనుప దిమ్మెను ఎక్కడ తేవాలె, దేనితోని గుంజాలె? అంత మందం ఎందుకంటే, పగులు కొసన లోహం సాగిపోయే జాగ ముక్క ముందు చీమంత ఉండాలె, అప్పుడే ఇర్విన్ లెక్క నడుస్తది. సాగే ఉక్కుల ఆ జాగ పెద్దది.

దీనికి ఉపాయం 1968ల వచ్చింది. పగులు కొసన ఏమైతుందో లోపలికి పోయి చూసుడు బంద్ పెట్టి, దాని చుట్టూ దూరంగ ఒక దారి గీసుకొని, ఆ దారెమ్మట శక్తి లెక్క కడితే చాలన్నరు. దారి ఏది గీసినా జవాబు ఒక్కటే వస్తది. దాన్ని జే ఇంటిగ్రల్ అంటరు. రష్యాల చెరెపనోవ్ ఒక ఏడు ముందే దాదాపు ఇదే చెప్పిండు గని, లోకం నోట్ల నిలిచిన పేరు జేమ్స్ రైస్. ఇది నాయినకు చెప్తే టీ గ్లాసు పక్కన పెట్టిండు. "రైసా? బియ్యమా?" అవునన్న. "అయితే మనూరోడే."

మనూరంటే మరి బియ్యమే. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చినంక వరి వచ్చింది, వరి ఎనక మిల్లులు వచ్చినయి, మిల్లుల ఎనక మా నాయినసొంటి లేతోల్లు వచ్చిన్రు.

1972ల వెస్టింగ్‌హౌస్‌ల బెగ్లీ, లాండెస్ అనే ఇద్దరు, సాగే ఉక్కుల పగులు కదిలే ఘడియను ఈ జే తోని పట్టవచ్చని ముక్కలు విరగ్గొట్టి చూపించిన్రు. ఇప్పుడు మేం చేసే ఏఎస్‌టీఎం ఈ1820 (పగులుకు లోహం ఎంత ఎదురు నిలుస్తదో కొలిచే ప్రమాణ పద్ధతి) పరీక్షకు మూలం అక్కడనే ఉన్నది. పైన చెప్పిన అదే ఉక్కుకు ఈ పద్ధతిల ఎంత మందం కావాలె? నాలుగు మిల్లీమీటర్ల చిల్లర. 816 ఎక్కడ, నాలుగు ఎక్కడ. నేను కొత్తల ఈ లెక్క కట్టినప్పుడు దశాంశ బిందువు తప్పు పెట్టిన్నేమో అని మూడుసార్లు చూసుకున్న.

పరీక్ష చేసేది ఇట్ల. ముక్కకు రెండు రంధ్రాలు, రెండు పిన్నులు, పైన ఒక క్లెవిస్, కింద ఒక క్లెవిస్, అంటే పిన్నును పట్టుకొని గుంజే చెవులు. గాడి నోటి కాడ క్లిప్ గేజ్ పెడతం, నోరు ఎంత తెరుచుకుంటుందో అది చెప్తది. మెల్లగ గుంజుతం. కొంచెం గుంజి, కొంచెం వదిలి, మల్ల గుంజి. అట్ల ముప్పై, నలభై సార్లు. వదిలినప్పుడల్ల గ్రాఫు మీద ఒక చిన్న గీత కిందికి దిగుతది. ఆ గీత వాలును బట్టి లోపల పగులు ఎంత పొడుగున్నదో తెలుస్తది. అంగట్ల కుండ కొనేటప్పుడు తట్టి చూస్తరు కద, పగులుంటే మోత మారుతది. ఇది తట్టుడు కాదు, గుంజుడు. పగులు పెరిగిన కొద్ది ముక్క మెత్తబడుతది, గీత పక్కకు వాలుతది. ముక్కను తెరవకుండనే లోపలి పగులు కొలిచినట్టన్నట్టు.

నేను చేరిన మొదటేడు ఒక విచిత్రం జరిగింది. పరీక్ష మొదలయిందో లేదో, పగులు ఎనకకు పోతున్నదని కంప్యూటర్ చూపించింది. మొదట్ల 26 మిల్లీమీటర్లున్న పగులు ఐదో గీతకు 25.9. ఆరో గీతకు 25.85. ఆ రాత్రి ఫోన్ల నాయినకు చెప్తే పడి పడి నవ్విండు. "పగులు మూసుకపోతదారా? గట్లయితే నాకు వెల్డింగ్ మిషన్ ఎందుకు?" నవ్వి నవ్వి, చివరికి, "పిన్నుకు గ్రీజు పెట్టిన్రా?" అని అడిగిండు.

పొద్దున పోయి గ్రీజు పెట్టిన. కొంచెం తగ్గింది, పోలేదు. రెండు రోజులు క్లిప్ గేజ్ మీద అనుమానపడ్డ, కాలిబ్రేషన్ మల్ల చేసిన, సాఫ్ట్‌వేర్ మీద కూడ నింద వేసిన. మూడో రోజు మా సీనియర్ మేడం క్లెవిస్ ఊడదీసి నా చేతిల పెట్టింది. "రంధ్రం చూడు." గుండ్రంగ ఉన్నది. వేరే పరీక్షకు చేయించిన క్లెవిస్‌ను తెచ్చి పెట్టిన్న నేను. ఈ పరీక్షకు పిన్ను ఆనే దిక్కు రంధ్రం చదునుగ ఉండాలె, ముక్క నోరు తెరిచిన కొద్ది పిన్ను ఆ చదును మీద దొర్లాలె. గుండ్రటి రంధ్రంల దొర్లక రాసుకుంటది, ఆ రాపిడే గీతను వంకర చేసి, పగులు కురచయినట్టు చూపెడుతది. నాయిన సగం కరెక్టే, జబ్బు పిన్ను కాడనే ఉన్నది.

ఇగ అసలు ముచ్చట. గుంజిన కొద్ది ఎంత శక్తి ఖర్చయిందో (అదే జే), పగులు ఎంత సాగిందో రెండూ గ్రాఫు మీద పెడితే ఒక వంపు గీత వస్తది. గాజుల ఇది ఉండనే ఉండది. కదిలిందంటే పోయినట్టే. సాగే లోహంల పగులు ప్రతి అడుగుకు ముందటి కన్న ఎక్కువ అడుగుతది. మొదట్ల అది కదలను కూడ కదలది, కొస మొద్దుబారుతది, అంతే.

ఈ మొద్దుబారుడు నాయినకు చెప్పనక్కర్లేదు. హాపర్ రేకు పగిలితే ఆయన చేసే మొదటి పని, పగులు కొసను ఎతికి, అక్కడ డ్రిల్లుతో ఒక రంధ్రం కొట్టుడు. వెల్డింగ్ తర్వాత సంగతి. కొస గుండ్రమయితే పగులు ఆగుతది. మంచి ఉక్కు ఆ రంధ్రాన్ని తనకు తానే కొట్టుకుంటది అన్నట్టు, డ్రిల్లు లేకుండ. కొస ముందు, ఉక్కుల ఇరుకున్న సల్ఫైడు నలుసుల చుట్టు చిన్న చిన్న బొక్కలు లేస్తయి, పెరుగుతయి, ఒకదాన్నొకటి కలుస్తయి, చివరికి మొద్దుబారిన కొసతో కలిసిపోతయి. అప్పుడు పగులు నిజంగ కదిలినట్టు. పెద్ద మైక్రోస్కోపుల ఆ గరుకు పట్టీని చూస్తే అంత గుంటలే, వాన పడ్డ దుమ్ము నేల తీరు.

అది ఏ ఘడియల జరిగింది? చప్పుడు రాదు. గ్రాఫు మీద మలుపు కూడ ఉండది. అందుకే ఒక ఒప్పందం చేసుకున్నరు. మొద్దుబారే దశకు ఒక వాలు గీత, ఉక్కు బలానికి రెండింతల వాలుతో. దానికి సమాంతరంగ 0.2 మిల్లీమీటర్లు జరిపి ఇంకో గీత. వంపును అది ఎక్కడ కోస్తే అక్కడ "మొదలు". ఆ దగ్గరి జే విలువ, నియమాలన్నీ కుదిరితే, జే వన్ సీ.

నాయిన ఇది కాయితం మీద గీయించుకొని మరీ చూసిండు. "0.2 ఎందుకు? 0.1 ఎందుకు కాదు?"

"కొలవడానికి వీలుగ ఉంటదని, అందరు ఒప్పుకున్నరు నాయినా."

"అంటే మొదలెక్కడో మీకు కూడ తెల్వదు."

తెల్వదు మరి. పదకొండేండ్లల్ల ఈ ప్రశ్న మా ల్యాబుల ఒక్క కస్టమర్ కూడ అడగలే. అడిగేది వేరే ఉంటది. ఒకసారి ఒక కంపెనీ మనిషి వచ్చిండు. వాల్లకు కావాల్సిన జే వన్ సీ 150, మాకు వచ్చింది 141. గ్రాఫును చాలసేపు చూసి, "ఈ ఎడమ దిక్కు రెండు పాయింట్లు తీసేస్తే వంపు పైకి పోతది కద సార్" అన్నడు. ఆయనకు సబ్జెక్టు తెలుసు, అదే బాధ. ఏ పాయింట్లు లెక్కలకు వస్తయో, ఏవి రావో పద్ధతిల ఉన్న 0.15, 1.5 మిల్లీమీటర్ల హద్దు గీతలు ముందే చెప్పినయి, నా చేతిల ఏం లేదు అన్న. పగులు ప్లేటు రోలింగ్ దిక్కుకు అడ్డంగ పోయేటట్టు ముక్కను కోసి పంపితే ఇంకింత మంచి అంకె వస్తుండె అని కూడ ఆయనకు తెల్సు. పగులు రోలింగ్ ఎమ్మట పోతే, వేపమొద్దు నార ఎమ్మట చీలినంత అల్కగ పోతది. మల్ల మా దగ్గరికి రాలే.

ఇదంత సంక్రాంతి ముచ్చట. మొన్న యాసంగి మిల్లింగ్ జోరు మీదున్నప్పుడు రెండు రోజులు ఊరికి పోయిన. షాపుల ఒక సేటు షాఫ్టు తెచ్చి దింపిచ్చిండు. 75 మిల్లీమీటర్ల ఈఎన్8 రకం ఉక్కు. వైబ్రేషన్ వస్తుంది, బేరింగు సీటు జర చూడు మేస్త్రీ, అన్నడు. నాయిన బేరింగు సీటు చూడలే. కీవే కాడ, అంటే షాఫ్టుకు కీ కూసునే గాడి కాడ, కిరోసిన్ తోని తడిపిండు, కాసేపాగి బట్టతో పొడిగ తుడిచిండు, సుద్దపొడి చల్లిండు. మేమిద్దరం చూస్తుండగనే కీవే మూల నుంచి వెంట్రుక తీరు ఒక తడి గీత తెల్ల పొడి మీద తేలింది. పగులుల దాగిన కిరోసిన్ బయటికొచ్చిందన్నట్టు. పొడుగు 11 మిల్లీమీటర్లు. లోతెంతో తెల్వదు.

"నీ లెక్కల ఇదెన్ని రోజులొస్తది?" అని నన్నడిగిండు.

బిల్లు బుక్కు ఎనక పేజీ మీద కట్టిన. పాల్ పారిస్ అనే ఆయన ఎర్డోగాన్ తోని కలిసి 1963ల చెప్పిన సూత్రం ఉన్నది, అంతకు ముందు 1961ల రాసిన దాని మొదటి రూపాన్ని మూడు పత్రికలు వద్దని తిప్పి పంపినయంటరు. ఒక్కో తిరుగుడుకు పగులు ఎంత పెరుగుతదో, అది కే ఎంత ఊగుతుందో దాని ఘాతంతో పోతదని. ఉక్కుకు ఆ ఘాతం సుమారు మూడు. ఊగుడు రెండింతలయితే పగులు ఎనిమిదింతల జోరు. షాఫ్టు నిమిషానికి 960 తిరుగుళ్ళు. రోజంత నడిస్తే 13 లక్షల 82 వేలు. ఒక్క తిరుగుడుకు మిల్లీమీటరుల పది లక్షల వంతు పెరిగినా రోజుకు 1.4 మిల్లీమీటర్లు. లోతు మూడు మిల్లీమీటర్లనుకొని, ఒత్తిడి 60 మెగాపాస్కల్ అని నా అందాజగ వేసుకుంటే కే సుమారు నాలుగు వచ్చింది. ఇసొంటి ఉక్కుల పగులు అసలు కదలని థ్రెషోల్డు కూడ ఆ చుట్టుపక్కలనే ఉంటది. అంటే జవాబు రెండు తీర్లు. కదలకనే పోవచ్చు. కదిలిందా, రోజుకు అర మిల్లీమీటరు దాటి. వడ్లు పైకెత్తే ఎలివేటర్ జామయి లోడు రెండింతలయితే రోజుకు దాదాపు ఐదు.

నాయిన ఆ పేజీ చూడలే. "మొదలయింది సేటూ, మార్చాలె" అన్నడు. కొత్త రాడ్డు తెచ్చి తిప్పి, కీవే కొట్టి ఇయ్యడానికి రెండు రోజులు. కీవే మూలలు ఈసారి గుండ్రంగ తీస్తనన్నడు. సేటు తల గోక్కున్నడు. సర్కారుకు ఇయ్యాల్సిన సీఎంఆర్ బియ్యం గడువు నెత్తి మీదున్నది, రెండు రోజులు మిల్లు బంద్ పెడితే ఎట్ల, పది రోజులు నడిపించుకొని నేనే తెస్త, అన్నడు. నా దిక్కు తిరిగి, "సారు కదలకపోవచ్చు అన్నడు కద" అన్నడు. నేను రెండో జవాబు మల్ల చెప్పిన. ఆయనకు మొదటిదే గుర్తున్నది. షాఫ్టును ఆటోల వేసుకొని పోయిండు.

పన్నెండో రోజు నాయిన సేటుకు ఫోన్ చేసిండంట. ఎత్తిండంట గని ఒక్క మాట ఇనబడలేదంట, ఎనక మిల్లు మోత.